మూడో గడి: ఆరు పంచాయతీల్లో పనితీరు ఒప్పందం నడిచిన తీరు

ఆ ఊరి ఫొటోల్లో ఎప్పుడూ ఒక వేపచెట్టు ఉండేది. పంచాయతీ కార్యదర్శులు రోజూ పొద్దున యాప్‌లో ఎక్కించే పారిశుధ్యం ఫొటోలు చూడటం నా పనుల్లో ఒకటి. ఊడ్చిన సీసీ రోడ్డు, చీపురు పట్టుకున్న కార్మికురాలు, వెనక వేపచెట్టు, పక్కన నీలం గేటు. అనుమానం వచ్చి నెల రోజులు వెనక్కి తిరగేశాను. అదే చెట్టు, అదే గేటు. రోడ్డు నిజంగా ఊడ్చిందే, ఫొటో కూడా ఆ పొద్దున తీసిందే. కాకపోతే ఆ ఊళ్లో పదకొండు వీధులున్నాయి. యాప్‌కు రోజూ కనిపించేది పంచాయతీ ఆఫీసు ముందున్న వీధి ఒక్కటే.

నేను మండల పంచాయతీ అధికారిని. మా పోస్టు పాత పేరు ఈవోపీఆర్డీ, ఊళ్లలో పెద్దమనుషులు ఇప్పటికీ అలాగే పిలుస్తారు. మండలం నల్లగొండ జిల్లా పడమటి వైపు, దేవరకొండ దిక్కు. పత్తి చేలు, బత్తాయి తోటలు, తండాలు. ఊళ్ల పేర్లు రాయడం లేదు. అక్కడ పనిచేసిన కార్యదర్శులు ఇంకా సర్వీసులోనే ఉన్నారు, వాళ్ల తప్పులూ నా తప్పులూ కలిపే చెప్పాల్సి వస్తుంది. 2022 ఎండాకాలం నుంచి 2024 మొదటి వరకు ఆరు పంచాయతీల్లో మేం ఒకే ఒక్క పేజీ పనితీరు ఒప్పందం నడిపాం. కొంత పనిచేసింది, కొంత నా ముఖం మీదే పగిలింది. రెండూ రాస్తాను.

ఒకరు మాట ఇస్తారు, ఇంకొకరు మార్కులు వేస్తారు

పనితీరు ఒప్పందం అనే ఆలోచన కొత్తది కాదు. అర్జున్ సేన్‌గుప్తా కమిటీ 1984లో చెప్పిన తర్వాత, 1980ల చివర్లోనే కేంద్రం తన ప్రభుత్వరంగ సంస్థలతో ఏటా ఎంవోయూలు రాసుకోవడం మొదలుపెట్టింది. 2009లో మంత్రిత్వ శాఖలకూ ఆర్‌ఎఫ్‌డీ (ఫలితాల చట్రం పత్రం) పేరుతో అదే పద్ధతి వచ్చింది: ఏడాది మొదట్లో లక్ష్యాలు రాయడం, చివర్లో మార్కులు వేసుకోవడం. ఆఫ్రికాలో కెన్యా 2004లో ప్రభుత్వ కార్పొరేషన్లతో మొదలుపెట్టి తర్వాత స్థానిక సంస్థల దాకా తీసుకెళ్లింది. ట్రైనింగుల్లో ఇవన్నీ స్లైడ్ల మీద చూపిస్తారు. మేం నోట్ చేసుకుని వస్తాం.

మన పంచాయతీల్లోకి మాత్రం ఇది పేరు చెప్పకుండానే వచ్చింది. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం తర్వాత 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శి పోస్టులకు నోటిఫికేషన్ పడింది. 2019 ఏప్రిల్‌లో పిల్లలు చేరారు. పిల్లలనే అంటాను, చాలామంది బీటెక్, డిగ్రీ అయిపోయి నేరుగా వచ్చినవాళ్లు. నెలకు 15,000, మూడేళ్ల ప్రొబేషన్. దాన్ని తర్వాత నాలుగేళ్లు చేశారు, 2021లో జీతం 28,719కి పెంచారు. ఉద్యోగం ఖాయమవడం పనితీరు మీదే ఆధారపడి ఉంది. 2023లో సమ్మె చేశాక పనితీరు మదింపు చేసి రెగ్యులరైజ్ చేశారు. అంటే నాలుగేళ్లు వాళ్లు బతికింది పనితీరు ఒప్పందం కిందే. పంచాయతీలు నాటే మొక్కలదీ అదే కథ, 85 శాతం బతకకపోతే సర్పంచ్, కార్యదర్శి ఇద్దరి పదవికీ ఎసరు. ఇక పారిశుధ్య కార్మికులకు జీవో 51. ఐదు వందల జనాభాకు ఒకరు, నెలకు 8,500, 2023లో అది 9,500 అయింది. మల్టీపర్పస్ అని పేరు పెట్టి ఊడ్చే పని, ట్రాక్టరు నడిపే పని, స్తంభం ఎక్కే పని ఒకరికే కట్టబెట్టారు.

ఈ కాగితాలన్నీ దగ్గర పెట్టుకుని చూస్తే అన్నిటిలోనూ రెండే గడులు. నువ్వు ఏం చేయాలి, చేయకపోతే నీకేమవుతుంది. చేయడానికి మేం ఏమిస్తాం, ఎప్పటిలోగా ఇస్తాం అనే గడి ఎక్కడా లేదు. ఒప్పందమంటే ఇద్దరు మాట ఇచ్చిపుచ్చుకోవడం కదా. మా దగ్గర ఒకరు మాట ఇస్తారు, ఇంకొకరు మార్కులు వేస్తారు.

ఇది నాకు నేనుగా తట్టిన తెలివి కాదు. వేపచెట్టు ఊరి కార్యదర్శిని పిలిపించి ఫొటోలు ముందు పెట్టి, "ఏందమ్మా ఇది?" అన్నాను. ఆ అమ్మాయి బుకాయించలేదు. "సార్, ఒక్క వీధంటే ఊడ్చి మూలకు నూకొచ్చు. పదకొండు వీధుల చెత్త ఎత్తాలంటే ట్రాక్టర్‌ల డీజిల్ ఉండాలె. మూడు వారాల నుంచి బంకుల ఉద్దెర" అంది. బ్యాగులోంచి చిన్న నోట్‌బుక్ తీసింది. డీజిల్, బ్లీచింగ్, బల్బులు, ఫ్లెక్సీ ప్రింటింగ్. సొంత జీతంలోంచి పెట్టిన డబ్బులు తేదీలతో సహా రాసుకుంది. నేను మెమో ఇద్దామని పిలిచాను. టీ తాగించి పంపాను.

కాగితం

మొదటి ముసాయిదాలో పద్నాలుగు అంశాలు పెట్టాను, పై నుంచి వచ్చే ఫార్మాట్లు చూసీ చూసీ చేయి అలా అలవాటైంది. ఆరు ఊళ్ల కార్యదర్శులను కూర్చోబెడితే ఒకతను, "సార్, ఇందుల ఏ మూడు చేస్తే మీరు ఫోన్ చెయ్యరో చెప్పండి" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం అదే సరైన ప్రశ్న అనిపించింది. చివరికి మూడే మిగిలాయి: నీళ్లలో క్లోరిన్, చెత్త ట్రాక్టరు, వీధి దీపాలు. మొక్కలకు ఎలాగూ చట్టమే కాపలా ఉంది, మళ్లీ మేమెందుకు.

పేజీకి మూడు గడులు. మొదటి దాంట్లో ప్రజలకు అందాల్సినది. రెండో దాంట్లో పంచాయతీ చేయాల్సినది. మూడో దాంట్లో మండలం, అంటే నేను, ఎన్ని రోజుల్లో ఏం చేయాలో. కింద మూడు సంతకాలు: సర్పంచ్, కార్యదర్శి, నేను.

చట్టప్రకారం దీనికి విలువ లేదు. పంచాయతీ రాజ్యాంగబద్ధ సంస్థ, దాంతో కాంట్రాక్టు రాసుకోవడానికి మండల అధికారి ఎవరు? కాబట్టి దీన్ని గ్రామసభలో చదివి తీర్మానంగా రాయించాం. 2018 చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టమంటోంది. ఎలాగూ పెట్టాల్సిన సభ, అందులో మూడు గడులు చదివి 'అయింది', 'కాలేదు' అని చెప్పడం. శిక్ష అంటూ ఏదీ పెట్టలేదు. బహుమతికి నా దగ్గర పైసా లేదు. కానీ ఒకటి ఉంది: మూడు అంశాలూ నెల మొత్తం నిలబెట్టుకున్న ఊరి కార్యదర్శిని సాయంత్రం టెలికాన్ఫరెన్సు నుంచి ఆ తర్వాతి నెల మినహాయించడం. చదివేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. రోజూ రాత్రి తొమ్మిదింటి దాకా ఫోను చెవిలో పెట్టుకుని కూర్చునేవాళ్లకు నెల రోజుల సాయంత్రాలు తిరిగి రావడం కంటే పెద్ద ఇంక్రిమెంట్ నేను చూడలేదు.

చివరి ఇంటి నల్లా

మూడింటిలో నీళ్ల దగ్గరే ఎక్కువ నేర్చుకున్నాం.

అక్కంపల్లి వైపు నుంచి కృష్ణా నీళ్లు శుద్ధి అయి మిషన్ భగీరథ (ఇంటింటికీ తాగునీటి పథకం) పైపుల్లో ఊరి ట్యాంకు దాకా వస్తాయి. ట్యాంకు నుంచి ఇంటింటికీ ఇచ్చే పని పంచాయతీది. ట్యాంకు దగ్గర ఒక రిజిస్టరు ఉంటుంది. 'బ్లీచింగ్ కలపడమైనది', తేదీ, వాటర్‌మ్యాన్ సంతకం. ఆరు ఊళ్లలోనూ రిజిస్టర్లు ఒక్క ఖాళీ లేకుండా నిండి ఉన్నాయి. మేం రిజిస్టరు వదిలేసి మొదటి గడిలో ఇలా రాశాం: 'ట్యాంకుకు అన్నిటికన్నా దూరంగా ఉన్న ఇంటి నల్లాలో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి.' పైపు చివర అంత మిగిలితే దారిలో పురుగు చచ్చినట్టే లెక్క, తాగునీటి ప్రమాణాల్లో ఉన్నదీ అదే.

కొలవడం కష్టమేమీ కాదు. చిన్న గాజు ట్యూబులో నీళ్లు పట్టి నాలుగైదు చుక్కలు ఓటీ (ఆర్థోటోలిడిన్) ద్రావణం వేస్తే పసుపురంగు వస్తుంది. ఎంత పసుపో పక్కనున్న రంగుల పట్టీతో పోల్చుకోవడమే. పది సెకన్లలోపు చూడాలి, ఆలస్యంగా వచ్చే పసుపు వేరే లెక్క. చూసేది కార్యదర్శి కాదు, వాటర్‌మ్యాన్ కాదు, నేను కాదు. ఊళ్లోని మహిళా సంఘాల సమాఖ్య, వీవో నుంచి ఒక ఆమె. ఏ రోజు చూడాలో ఆమె ఇష్టం.

మొదటి తడవ ఆరు ఊళ్లలో రెండింటిలోనే రంగు వచ్చింది. మిగతా నాలుగు ఊళ్ల రిజిస్టర్లు దొంగవా అంటే అదీ కాదు. బ్లీచింగ్ కలిపారు. ఎలా కలిపారన్నదే అసలు సంగతి. ఒక ఊళ్లో బస్తా పాత పంచాయతీ గదిలో వానాకాలం నుంచి మూతి విప్పి ఉంది. కొత్త బ్లీచింగ్ పౌడరులో మూడో వంతు దాకా క్లోరిన్ ఉంటుంది, తెరిచిపెడితే గాలికీ తేమకూ ఎగిరిపోతుంది, చివరికి మిగిలేది సున్నం. ఇంకో ఊళ్లో పొడిని అలాగే ట్యాంకులోకి విసిరేస్తున్నారు, అది ముద్దలుగా అడుగుకు చేరుతోంది. బకెట్‌లో కలిపి, తేరనిచ్చి, పైన తేట మాత్రమే పోయాలి.

ఎంత వేస్తున్నావని అడిగితే ఒక వాటర్‌మ్యాన్ పెద్దాయన, "రెండు గిలాసలు సార్" అన్నాడు. స్టీలు గ్లాసు చూపించాడు. లెక్క చూస్తే, లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ పడాలంటే మంచి పౌడరు వెయ్యి లీటర్లకు మూడు గ్రాములు కావాలి. ఆయన ట్యాంకు 40 వేల లీటర్లది, 120 గ్రాములు. ఆ 120 గ్రాములు గ్లాసులో ఎంతవరకు వస్తుంది? ప్లాస్టిక్ కవర్లో పొడి వేసుకుని కిరాణా దుకాణానికి పోయాం. దుకాణదారు ముక్కు మూసుకుని, తిట్టుకుంటూనే తూచి ఇచ్చాడు. గ్లాసులో పోసి, సర్పంచ్ గారి బిడ్డ దగ్గర గోళ్ల రంగు అడిగి తెచ్చి, లోపలి వైపు ఎర్రగీత గీశాం. ఆ గ్లాసు చాలా రోజులు ట్యాంకు మెట్లకు తాడుతో వేలాడుతూ ఉండేది. ఏడాది మొత్తంలో మేం చేసిన అన్నిటికన్నా చవకైన పని అదే, అన్నిటికన్నా పనికొచ్చిందీ అదే. మిగతా ఐదు ఊళ్లలోనూ అలాంటి గీతలే పెట్టుకున్నారు, ఎవరి ట్యాంకుకు తగ్గట్టు వాళ్లు. మూడో గడి కింద నేను చేయాల్సింది మూతి కుట్టిన బస్తాలు, గట్టి మూతున్న డ్రమ్ము, ఓటీ సీసాలు. ఇవి ఇవ్వగలిగాను.

రంగు వచ్చింది కదా అని ఊపిరి పీల్చుకున్నాక అసలు గొడవలు మొదలయ్యాయి.

ఒక ఊళ్లో పరీక్ష రోజు ముందే తెలిసిపోయింది. ఆ పొద్దున మూడు నాలుగు రెట్లు వేశారు. చివరి ఇంట్లో ట్యూబు ముదురు పసుపుగా మెరిసింది. ట్యాంకు పక్క ఇళ్ల బర్రెలు మాత్రం తొట్టిలో మూతి పెట్టలేదు. ఆ సాయంత్రం బర్రెల వాళ్లంతా పంచాయతీ ఆఫీసు ముందు కూర్చున్నారు.

ఇంకో చోట ఒక అవ్వ నన్ను పట్టుకుంది. "బోరు నీళ్లు తియ్యగుండేటివి బిడ్డా. ఈ నీళ్లు దవాఖాన వాసనొస్తున్నయ్." ఆమె మోకాళ్లు రెండూ బయటికి వంగి ఉన్నాయి. ఆ తియ్యటి నీళ్ల పుణ్యమే అది. మా జిల్లా పేరు మీద ఫ్లోరైడ్ తీసే పద్ధతే ఉంది, పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు పటిక, సున్నంతో చేసిన నల్లగొండ టెక్నిక్. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించకూడని చోట దానికి ఎన్నో రెట్లు తాగిన ఊళ్లు మావి. అవ్వకు ఈ లెక్కలేవీ చెప్పలేదు. ఆమె కొడుకు క్యాన్ తీసుకుని ఫిల్టర్ నీళ్లకు బండి మీద పోతున్నాడు. క్లోరిన్ సరిగ్గా వేసిన కొద్దీ భగీరథ నీళ్లు గిన్నెలు తోముకోవడానికి, ఫిల్టర్ నీళ్లు తాగడానికి అయిపోతున్నాయి. కాగితం మీద ఆ ఊరికి పూర్తి మార్కులు. ఒప్పందం రాసేటప్పుడు ఈ ముచ్చట నా ఊహకే రాలేదు.

అప్పుడు రెండు మార్పులు చేశాం. అప్పటిదాకా కింద గీత ఒక్కటే ఉండేది, ఇప్పుడు పై గీత కూడా పెట్టాం: చివరి ఇంట్లో 0.2కు తగ్గకూడదు, ట్యాంకు పక్క ఇంట్లో 0.5 దాటకూడదు. రెండోది, ట్యాంకు రాత్రే నింపి, అప్పుడే మందు కలిపి, తెల్లవారి ఆరింటికి వదలడం. రాత్రంతా నిలవ ఉంటే ఘాటు తగ్గుతుంది, పనీ జరుగుతుంది. దీనికి వాటర్‌మ్యాన్ రాత్రి రావాలి. ఆయనకు అదనంగా ఇచ్చేదేమీ లేదు. ఇద్దరు సర్పంచులు సొంతంగా ఎంతో కొంత ఇచ్చారు, మిగతా ఊళ్లలో ఆయన దయ. దీన్ని విజయం అనాలో, ఒక పేదవాడి రాత్రిని వాడుకోవడం అనాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

మరో ఊళ్లో చివరి ఇంటికి క్లోరిన్ సంగతి తర్వాత, అసలు నీళ్లే రావడం లేదు. వాల్వు దగ్గర్నుంచి ఇల్లిల్లూ నడిచాం. మధ్యలో ఇళ్ల నల్లాలకు టుల్లు మోటార్లు. స్విచ్ వేస్తే ముందు ఇల్లు గుంజేసుకుంటుంది, చివరి ఇంటి పైపులో గాలి. ఎక్కడైనా జాయింటు లీకు ఉంటే మోరీ నీళ్లు కూడా లోపలికి గుంజుతుంది. సర్పంచ్‌ను మోటార్లు తీయించమన్నాను. ఆయన నన్ను పక్కకు తీసుకుపోయి, "సార్, మోటర్ గుంజుకుంటే వచ్చే ఎలక్షన్ల నా మొఖం ఎవడు చూస్తడు? మీరు తీస్కపోండి, నేను మీ మీద రెండు మాటలు తిడత" అన్నాడు. ఆ మాటే ఒప్పుకున్నాం. నేను పోయి తొమ్మిది మోటార్లు పట్టుకొచ్చాను, ఆయన నిజంగానే నలుగురిలో నన్ను తిట్టాడు. వారం తిరిగేసరికి నాలుగు మోటార్లు మళ్లీ వచ్చాయి. చివరికి పనిచేసింది మోటార్లు పట్టుకోవడం కాదు. వాల్వులు పెట్టి ఊరిని రెండు భాగాలు చేసి, కింది వాడకు ముందు వదలడం. ఆ రెండు వాల్వులకు పంచాయతీ పెట్టిన ఖర్చుకూ, ఒక గ్రామసభ ఫ్లెక్సీ, టీల ఖర్చుకూ పెద్ద తేడా లేదు.

ట్రాక్టరు

చెత్త విషయంలో శాతాలు రాయలేదు, వీధుల పేర్లు రాశాం. 'ఎస్సీ కాలనీ: మంగళ, శుక్ర. వడ్డెర వాడ: సోమ, గురు.' వేపచెట్టు ఫొటోల్లో నెలంతా కనబడనివి ఈ చివరి వాడలే. పేరు రాసి గ్రామసభలో చదివాక, రాకపోతే అడిగే హక్కు తమదేనని ఆ వాడల ఆడవాళ్లకు అర్థమైంది. ఫొటో ఎవరూ అడగలేదు. ట్రాక్టరు పాట వినపడిందా లేదా, అంతే.

నేను ఓడింది ఇక్కడే. పల్లెప్రగతి అనే ప్రభుత్వ కార్యక్రమం కింద బ్యాంకు లోను మీద కొన్న ట్రాక్టర్లు మావి, ప్రతి నెలా కిస్తీ పంచాయతీ ఖాతా నుంచే పోతుంది. కరెంటు బిల్లు, కార్మికుల జీతాలు పోయాక డీజిల్‌కు మిగిలేది తక్కువ. ఉన్న డబ్బుకూ చెక్కు రాస్తే అది పాసయ్యే రోజు ఎవరి చేతుల్లోనూ ఉండేది కాదు. మూడో గడిలో నేను ధైర్యంగా రాసుకున్నాను: 'డీజిల్ బిల్లు అందిన ఏడు రోజుల్లో చెల్లింపు అయ్యేటట్టు చూడటం.' పరిశీలించి సంతకం పెట్టి పంపడం వరకే నా చేతిలో ఉంది, పాస్ చేయడం నా చేతిలో లేదు. రాసేటప్పుడు ఆ సంగతి నాకు తెలుసు. ఊపులో రాసేశాను.

మూడు నెలలకు గ్రామసభలో కార్యదర్శి కాగితం చదివింది. పంచాయతీ గడి: అయింది, అయింది, సగం అయింది. మండలం గడి: బ్లీచింగ్ అయింది. డీజిల్ బిల్లు, కాలేదు. వెనక నుంచి ఎవరో, "గిది మొదటిసారి ఇంటున్న, ఆఫీసరు కూడ ఫెయిలైండని" అన్నారు. సభంతా నవ్వు. నేనూ నవ్వాను, చెమట తుడుచుకుంటూ. ఆ రోజు నుంచి ఆ ఊళ్లో నాతో మాట్లాడే తీరు మారింది. అర్జీలు తగ్గాయి, సలహాలు పెరిగాయి. బంకు యజమానితో మాట్లాడి ఉద్దెర పరిమితి పెంచించింది కూడా ఆ సభలోంచి లేచిన ఒక వార్డు సభ్యుడే. అధికారి తన గడిలో 'కాలేదు' అని రాయించుకుంటే ఊరు పంచాయతీ వైపు నిలబడుతుందని నేను అంతకుముందు అనుకోలేదు.

తర్వాత ఆ వాక్యాన్ని మార్చాను: 'బిల్లు అందిన రెండు రోజుల్లో పరిశీలించి పంపడం. పాస్ కాకపోతే కారణం రాతపూర్వకంగా సర్పంచ్‌కు తెలపడం.' చిన్న మాటే, కానీ నేను నిలబెట్టుకోగలిగినది.

వీధి దీపాలు

దీని గురించి చెప్పడానికి ఎక్కువ లేదు, ఎందుకంటే నడవలేదు. 'బల్బు పోతే మూడు రోజుల్లో' అని రాశాం. వీధి దీపాలకు వేరుగా లాగే మూడో తీగ లేని వాడల్లో లైటుకు స్విచ్చే ఉండదు, పగలూ రాత్రీ వెలిగి తొందరగా పోతుంది. మార్చాలంటే స్తంభం ఎక్కాలి. జీవో ప్రకారం మల్టీపర్పస్ కార్మికుడే ఎక్కాలి. ట్రైనింగ్ లేని మనిషిని కరెంటు స్తంభం ఎక్కించే కాగితం మీద నేను సంతకం పెట్టనన్నాను. లైన్‌మ్యాన్ ఎల్‌సీ (లైన్ క్లియర్ అనుమతి) తీసుకుని లైను బంద్ చేశాకే ఎక్కాలని రాశాం. లైన్‌మ్యాన్ మా ఒప్పందంలో లేడు, మా మాట వినాల్సిన పనీ లేదు, ఆయనకు ఒక్కడికే ఎన్నో ఊళ్లు. స్విచ్ మూడో మనిషి చేతిలో ఉంటే ఇద్దరం రాసుకున్న ఒప్పందం ఎందుకు? రెండో ఏడు ఆ అంశం తీసేశాం.

తండా

ఆరింటిలో ఒకటి 2018లో కొత్తగా పంచాయతీ అయిన తండా. ఇళ్లు మూడు గుంపులుగా, గుట్టకు ఇటూ అటూ. జనాభా లెక్కన ఒక్కడే కార్మికుడు. పెద్ద ఊరికి రాసిన పేజీనే వాళ్లకూ రాశాను. రెండు నెలలు వరుసగా 'కాలేదు' అని చదివించాక తండా నాయక్, "సార్, మీ కాయితం మమ్మల్ని రోడ్డు మీద ఊర్లతో ఉరికిస్తున్నది. మా మనిషి ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకు నడిచిపోవడానికే పొద్దు వంగుతది" అన్నాడు. ఆయన చెప్పింది నిజం. తండాకు చెత్త అంశం పూర్తిగా తీసేసి, ఇళ్ల పక్కనే కంపోస్టు గుంతలు, నీళ్లు మాత్రం ఉంచాం. నీళ్లలో ఆ తండా చివరి దాకా ఒక్క నెల తప్పలేదు. పైపులైను చిన్నది, ట్యాంకు చిన్నది, వాటర్‌మ్యాన్ తల్లే పరీక్ష చేసే మనిషి. రూలు ప్రకారం అది తప్పే, సొంత మనిషి కొలవకూడదు. నేను చూసీ చూడనట్టు వదిలేశాను, ఆమె తన కొడుకును తిట్టినట్టు నేను ఎవరినీ తిట్టలేను.

2024 తర్వాత

2024 జనవరి చివరికి సర్పంచుల పదవీకాలం అయిపోయింది, ఫిబ్రవరి నుంచి స్పెషల్ ఆఫీసర్లు. ఎన్నికైన పాలకవర్గం లేదు కాబట్టి పదిహేనో ఆర్థిక సంఘం నిధులూ ఆగాయి. ఆ గ్రాంటులో 60 శాతం నీళ్లకు, పారిశుధ్యానికి కట్టేసి ఇచ్చేవి, అంటే మా మూడు అంశాల్లో రెండింటికి ప్రాణం అక్కడే ఉంది. ఒక్కో స్పెషల్ ఆఫీసరుకు సొంత శాఖ పని కాక పంచాయతీల భారం. వాళ్ల సంతకం కోసం కార్యదర్శులు ఆఫీసుల చుట్టూ తిరిగారు. నోట్‌బుక్‌లు మళ్లీ బయటికి వచ్చాయి. నేను పేజీ చదివించడం ఆపేశాను. నా గడిలో అన్నీ 'కాలేదు' అని రాసుకోవాల్సి వస్తే, అవతలి గడిలో ఎవరిని ఏమడగగలను? ఆపమని ఎవరూ చెప్పలేదు, కొనసాగించమనీ ఎవరూ అడగలేదు.

యాప్ మాత్రం ఆగలేదు. ఫొటోలు వస్తూనే ఉన్నాయి, తర్వాత ముఖం చూపించి హాజరు వేయించుకునే పద్ధతి కూడా వచ్చింది. వేపచెట్టు ఊరి నుంచి ఒకసారి మళ్లీ అదే చెట్టు కనిపించింది. ఈసారి ఫోన్ చేయలేదు.

వేరే మండలాల మిత్రులు ఈ పేజీ నమూనా అడుగుతుంటారు. పంపుతాను, కానీ మూడు గడులూ ఖాళీగానే పంపుతాను. మొదట మూడో గడి నింపండి, అందులో మీ చేతిలో ఉన్నవే రాయండి, తర్వాత మిగతావి అని చెబుతాను. ఇద్దరు ముగ్గురు మూడో గడి తీసేసి వాడుకున్నారని తెలిసింది. వాళ్ల జిల్లా సమీక్షల్లో ఆ పేజీ బాగుందని మెచ్చుకున్నారట.

2025 డిసెంబరులో ఎన్నికలు జరిగి కొత్త సర్పంచులు వచ్చారు. ఆరు ఊళ్లలో నాలుగు మళ్లీ పేజీ రాసుకుందాం అన్నాయి. నీళ్లు, చెత్త, రెండే. మొన్న వేపచెట్టు ఊరి కార్యదర్శి ఫోన్ చేసింది. ఓటీ సీసా అయిపోయిందని, పాతది రంగు మారిందని అంతకుముందే చెప్పింది, నేను జిల్లాకు ఇండెంట్ పెట్టానన్నాను.

"సార్, మూడో గడిల 'అడిగిన వారంలోపు' అని రాసిన్రు."

"అవునమ్మా."

"ఇయ్యాల పదో రోజు సార్. శుక్రవారం గ్రామసభ ఉంది."

సాయంత్రమే నల్లగొండ పోయి, ప్రకాశం బజార్ దిక్కు ఒక షాపులో సొంత డబ్బులతో రెండు సీసాలు కొన్నాను. బిల్లు నా నోట్‌బుక్‌లో పెట్టుకున్నాను.